ఊ కొట్టేవాడి పేరేమిటి?

1960ల చివర్లో ఒకనాడు, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లా చంద్రఖురి గ్రామంలో, పదమూడేళ్ల బాలిక ఒకతె తంబూరా చేతబట్టి జనం ముందు నిలబడింది. ఆనాటి విశేషమంతా ఆ నిలబడడంలోనే ఉంది. పాండవుల కథ పాడే స్త్రీలు అంతకుముందు లేకపోలేదు. అయితే వారు కూర్చుని పాడేవారు. లేచి నిలబడి, భీముడై గద ఝళిపించి, దుశ్శాసనుడై జుట్టు పట్టి ఈడ్చి, ద్రౌపదియై శపించే అధికారం మగవారిది. ఆ అధికారాన్ని ఎవరి అనుమతీ అడగకుండా తీసుకున్న ఆ బాలికకు ముట్టిన ప్రతిఫలం 10 రూపాయలు. ఆమె పేరు తీజన్ బాయి. సుమారు యాభై ఏళ్ల తర్వాత, 2019లో, భారత ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ పది రూపాయలకూ ఈ పద్మవిభూషణ్‌కూ మధ్య ఒక ఉక్కు నగరం ఉంది. తీజన్ బాయి కథను ప్రతిభ, పట్టుదల, విజయం అన్న మూడు మాటల్లో ముగించే అలవాటు మన పత్రికలకు ఉంది. ఆ అలవాటులో రెండు విషయాలు మరుగున పడతాయి. ఒకటి, ఆమె గొంతును నిలబెట్టిన నెలజీతం. రెండోది, ఆమె పక్కన కూర్చుని వాయించినవారి శ్రమ. ఒక్కరి పేరు మీద చలామణి అయ్యే ఏ పాటకైనా ఈ రెండూ ఆధారాలే. ఇది సంగీత చరిత్రతో పాటు కార్మిక చరిత్ర కూడా.

పండవానీ అనే ఈ కళారూపాన్ని తెలుగువారికి పరిచయం చేయడం కష్టం కాదు. బుర్రకథ తెలిసినవారికి దాని నిర్మాణం సగం తెలిసినట్లే. ప్రధాన కథకుని చేతిలో తంబూరా, మరో చేతిలో చిడతలవంటి కర్తాళం. వెనుక హార్మోనియం, తబలా, ఢోలక్, మంజీరా. పక్కన ‘రాగీ’ అనే సహగాయకుడు. బుర్రకథలో వంతల పని ఏమిటో పండవానీలో రాగీ పని దాదాపు అదే. కథకుని మాటకు ఊ కొట్టాలి, ఆశ్చర్యపడాలి, అడ్డు ప్రశ్న వేయాలి, శ్రోత మనసులో మెదిలే సందేహాన్ని శ్రోత కంటే ముందే అడగాలి. బుర్రకథలో హాస్యం ఒక వంతకూ, రాజకీయం ఇంకో వంతకూ పంచి ఇచ్చారు. పండవానీలో ఆ రెండు బరువులూ సాధారణంగా ఒక్క రాగీ మోస్తాడు. అతను ఊ కొట్టడం మానితే కథ ఆగుతుంది.

పండితులు పండవానీని రెండు శాఖలుగా విభజిస్తారు. సబల్ సింగ్ చౌహాన్ దోహా చౌపాయీలలో రచించిన మహాభారతాన్ని అనుసరించి కూర్చుని పాడేది వేదమతి. నిలబడి, అభినయిస్తూ, జ్ఞాపకం మీద ఆధారపడి అప్పటికప్పుడు కథ పెంచుకుంటూ పోయేది కాపాలిక. ఝాడూరామ్ దేవాంగన్, పూనారామ్ నిషాద్ వేదమతిలో ప్రసిద్ధులు. భిలాయ్‌కే చెందిన రీతూ వర్మ కూడా ఆ శాఖ గాయనే. అదే పేరున్న మన సినీ నటి వేరు. కాపాలికను ఎంచుకున్న మొదటి మహిళగా తీజన్ బాయికి ఖ్యాతి దక్కింది. ఆమె తంబూరా ఒక్కోసారి గద, ఒక్కోసారి విల్లు, ఒక్కోసారి రథం. శాఖ ఏదైనా, పండవానీలో కథానాయకుడు అర్జునుడి కంటే ఎక్కువగా భీముడు. ఆకలి, కోపం, బలం, అమాయకత్వం కలబోసిన ఆ పాత్రలో ఛత్తీస్‌గఢ్ పల్లె తన్ను తాను చూసుకుంది.

తీజన్ బాయి 1956లో భిలాయ్‌కి సుమారు 14 కిలోమీటర్ల దూరంలోని గనియారీ గ్రామంలో పార్ధీ కుటుంబంలో జన్మించారు. వేటే వృత్తిగా బతికిన పార్ధీలలో పలు శాఖలను బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల జాబితాలో చేర్చింది. స్వతంత్ర భారతం 1952లో ఆ చట్టాన్ని రద్దు చేసినా ముద్ర మాత్రం చెరగలేదు. అమ్మ తండ్రి బ్రిజ్‌లాల్ పాడుతుంటే విని ఆమె కథ నేర్చుకున్నారు. తర్వాత ఉమేద్ సింగ్ దేశ్‌ముఖ్ వద్ద శిక్షణ పొందారు. పన్నెండేళ్లకే పెళ్లయింది. ఆడది పండవానీ పాడినందుకు కులం వెలివేసింది. ఒక చిన్న గుడిసె వేసుకుని, ఇరుగుపొరుగు వద్ద గిన్నెలూ గింజలూ అడిగి తెచ్చుకుని బతికిన రోజులను ఆమె పెద్దయ్యాక దాచుకోలేదు. వెలిపడిన సమాజంలోనే భీముడూ ద్రౌపదీ ఉన్నారు. వారిని మాత్రం ఆమె వదల్లేదు.

సరిగ్గా ఆమె బాల్యంలోనే ఆ పొలాల నడుమ మరో భారతం మొదలైంది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు ఉక్కు కర్మాగారం కోసం ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ భిలాయ్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. తొలి దశ సామర్థ్యం ఏటా 10 లక్షల టన్నులు. దల్లీ రాజహరా కొండల నుంచి ఖనిజం, దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి రాయగడ మీదుగా రైలెక్కి వెళ్లిన తెలుగు కుటుంబాలు కూడా అక్కడి సెక్టార్లలో స్థిరపడ్డాయి. భూములిచ్చిన పల్లెలవారు మాత్రం తొలి రోజుల్లో కర్మాగారంలో చేరడానికి వెనుకాడారు. భిలాయ్‌లో దశాబ్దాల పాటు పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ ఈ విషయాన్ని నమోదు చేశారు. కొలిమి నిలబడాలంటే నరబలి కావాలన్న పుకారు అప్పట్లో ఊరూరా తిరిగిందట. భూమి పోయినవారికి అది వట్టి మూఢనమ్మకంగా తోచి ఉండదు.

ఆ పల్లెల గొంతును దేశానికి వినిపించిన మొదటి వంతెన కర్మాగారం కాదు, నాటకరంగం. రాయ్‌పూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ 1959లో నయా థియేటర్ స్థాపించి, ఛత్తీస్‌గఢ్ నాచా కళాకారులను వారి భాషతోనే వేదిక ఎక్కించారు. 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’ 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో బహుమతి గెలిచింది. తీజన్ బాయి ప్రతిభను గుర్తించినదీ తన్వీరే. ఇందిరాగాంధీ ఎదుట ప్రదర్శన, 1980లలో యూరప్ దేశాల పర్యటనలు, పద్మశ్రీ, 1995లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2003లో పద్మభూషణ్, 2018లో జపాన్ వారి ఫుకువోకా బహుమతి వరుసగా వచ్చాయి. బడి మెట్లు ఎక్కని ఆమెకు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఈ పురస్కారాల పట్టికలో కనబడని గౌరవం ఒకటి ఉంది. భిలాయ్ స్టీల్ ప్లాంట్ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. క్రీడాకారులను, కళాకారులను ఉద్యోగులుగా చేర్చుకోవడం ఆనాటి ప్రభుత్వ రంగ సంస్థల రివాజు. దాని విలువ తెలియాలంటే భిలాయ్ వాడుకలోని రెండు మాటల తేడా తెలియాలి. అక్కడ ‘నౌకరీ’ వేరు, ‘కామ్’ వేరు. నౌకరీ అంటే నెల తిరిగేసరికి జీతం, క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు బడి, రిటైరయ్యాక నిశ్చింత. కామ్ అంటే ఠేకేదారు ఇవాళ పిలిస్తే ఉండే పని. ప్యారీ తన గ్రంథంలో భిలాయ్ శ్రామిక ప్రపంచాన్ని ఈ గీత వెంబడే రెండుగా చూశారు. తీజన్ బాయి ఆ గీతకు నౌకరీ వైపున నిలిచారు. కులం తన్ని తరిమిన ఒంటరి స్త్రీకి, పాట పాడితేనే పూట గడిచే స్థితి నుంచి పాడకపోయినా పూట గడిచే స్థితికి రావడం చిన్న మార్పు కాదు. ఆకలి లేనివాడే బేరం ఆడగలడు, వద్దనగలడు. భీముడిని ఏ రాజకీయ సభకు అప్పగించాలో, ఎవరికి అప్పగించరాదో నిర్ణయించుకునే స్వేచ్ఛ నెలజీతం నుంచి కూడా వస్తుంది.

మరి ఆమె పక్కన వాయించినవారి సంగతేమిటి? వారిది నౌకరీయా, కామా? ఈ ప్రశ్నకు భిలాయ్ బయట, బహు దూరాన, సంగీత పరిశ్రమ తనకు తానుగా చెప్పుకున్న సమాధానం ఒకటి ఉంది.

1968లో లండన్‌లో ‘యెస్’ అనే రాక్ బృందం పుట్టింది. దాని గాయకుడు జాన్ ఆండర్సన్. పాట అంటే మూడు నిమిషాలన్న వ్యాపార నియమాన్ని ధిక్కరించిన ప్రోగ్రెసివ్ రాక్ ధోరణికి ఆ బృందం పెద్ద దిక్కు. పరమహంస యోగానంద ఆత్మకథలో శాస్త్రాల గురించిన ఒక పాదసూచిక చదివి ప్రేరణ పొందిన ఆండర్సన్, 1973లో బృందంతో కలిసి ఒక జంట రికార్డు చేశారు. నాలుగు వైపులు, నాలుగే పాటలు, ఒక్కొక్కటి సుమారు ఇరవై నిమిషాలు. పాశ్చాత్య రాక్ సంగీతం పురాణ ప్రవచనానికి అంత దగ్గరగా రావడం అరుదు. పదిహేనేళ్లు తిరిగేసరికి గాలి మారింది. 1988లో అదే ఆండర్సన్ లాస్ ఏంజెలెస్ వెళ్లి ‘ఇన్ ద సిటీ ఆఫ్ ఏంజెల్స్’ అనే సొంత ఆల్బం విడుదల చేశారు. అన్నీ పొట్టి పాప్ పాటలే. వెనుక వాయించినవారిలో ముఖ్యులు ‘టోటో’ బృందం సభ్యులు. వారు ఆ నగరంలో కాల్‌షీటుకు ఇంత అని తీసుకుని, ఎవరి పాటకైనా నిమిషాల్లో ప్రాణం పోయగల సెషన్ వాద్యకారులుగా పేరు మోసినవారు. మరుసటి ఏడాదికే ఆండర్సన్ పాత సహచరుల వద్దకు చేరుకున్నారు.

ఈ ఉదంతంలో గమనించవలసింది గాయకుడి ఎదుగుదలా దిగజారుడా అన్న రసికుల తగవు కాదు. ‘సోలో’ అని అట్ట మీద ముద్రించిన రికార్డును ఒక గుంపు తయారు చేసింది. ఆ గుంపుకు ఒక సంఘం ఉంది. 1896లో ఏర్పడిన అమెరికన్ వాద్యకారుల సమాఖ్య, రికార్డుల వల్ల పని పోతున్న వాద్యకారులకు రాయల్టీలో వాటా కావాలని 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగు సమ్మె చేసింది. యుద్ధకాలంలో సైతం వెనక్కి తగ్గక, 1944 నాటికి పెద్ద కంపెనీలను దారికి తెచ్చింది. తర్వాత తరాల సెషన్ వాద్యకారుడు స్టూడియోలో ఎంత కనీస వేతనానికి కూర్చోవాలో ఆ పోరాటాలే నిర్ణయించాయి. అతని పాట అతనిది కాకపోవచ్చు. అతని పూటకు మాత్రం ధర ఉంది, ఆ ధర అడిగే గొంతు కూడా ఉంది.

అదే 1988లో భారతదేశంలో పురాణం ఇంటింటికీ వచ్చింది. అక్టోబరు 2న దూరదర్శన్ బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ ప్రసారం మొదలుపెట్టింది. ఆ వెనుకనే నవంబరులో శ్యామ్ బెనగళ్ ‘భారత్ ఏక్ ఖోజ్’ వచ్చింది. అందులో మహాభారత భాగానికి బెనగళ్ ఎంచుకున్న గొంతు తీజన్ బాయిది. ఒకే ప్రభుత్వ తెర మీద రెండు భారతాలు. ఒకటి కిరీటాలు, పట్టుబట్టలు, సంస్కృతం కలగలిసిన హిందీ. మరొకటి ముతక చీర, ఒక తంబూరా, ఛత్తీస్‌గఢీ పలుకు. మొదటిది ఆదివారం ఉదయం వీధులను ఖాళీ చేయించింది. అంతకు ముందు వచ్చిన ‘రామాయణ్’తో కలిసి, దేశమంతటికీ ఒకే పురాణం, ఒకే రూపం అన్న భావనకు దారి వేసింది. 1990 నాటి రథయాత్ర రాజకీయానికి ఆ భావన ఎంత ఉపకరించిందో సామాజిక శాస్త్రవేత్తలు విస్తారంగా రాశారు. రెండోది పురాణానికి ఊరికో రూపం, గొంతుకో అర్థం ఉంటాయని గుర్తుచేసింది. దానికి వీధులు ఖాళీ కాలేదు.

ఆ తెర మీద తీజన్ బాయిని చూసిన లక్షలాది మందికి ఆమె పేరు తెలిసింది. పక్కన ఊ కొట్టినవారి పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి? ఈ మరపును మన చట్టం కూడా కొంత మేరకు ఆమోదించింది. కాపీరైట్ చట్టం 1994 సవరణతో కళాకారుల హక్కులను విస్తరించింది. 2012 సవరణ వారికి రాయల్టీ హక్కును చేర్చింది. అదే 2012 సవరణ ఒక మినహాయింపునూ చేర్చింది. సినిమాలో ఎవరి ప్రదర్శన ప్రాసంగికమై, పేర్ల పట్టికలో సాధారణంగా ఎక్కదో, తమ ప్రదర్శనను వక్రీకరించకుండా అడ్డుకునే హక్కు తప్ప తక్కిన విషయాల్లో వారు ప్రదర్శకుల కిందికి రారు. పెద్దవారి ఒప్పందాల్లో ఇది చిన్న వాక్యం. ఊరి మంజీరా వాద్యకారుడికి అదే మొత్తం చట్టం. పద్మ పురస్కారాలకూ ఇదే రీతి. అవి వ్యక్తులకే దక్కుతాయి. బృందానికి పద్మ లేదు.

ఈ లోపం తెలుగు నేలకూ కొత్తది కాదు. బుర్రకథ పితామహుడైన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆ స్థాయికి చేరిన క్రమంలో ప్రజానాట్యమండలి ఉంది, ఇద్దరు వంతలు ఉన్నారు, ఊరూరా అన్నం పెట్టిన రైతు సంఘాలు ఉన్నాయి. 1940లలోనే మోటూరి ఉదయం మహిళా బుర్రకథ దళానికి నాయకత్వం వహించి నిలబడి కథ చెప్పారు. ఆమెకు కులం అడ్డుపడకుండా ఒక ఉద్యమం కాపు కాసింది. గనియారీలో అలాంటి ఉద్యమం లేదు. అందుకే అక్కడ ఆ పని ఒక ప్రభుత్వ కర్మాగారం మస్టరు రోలు చేయవలసి వచ్చింది.

అయితే కర్మాగారపు నీడ అందరి మీదా పడలేదు. దల్లీ రాజహరా గనుల ఠేకా కూలీలను 1977లో సంఘటితం చేసిన శంకర్ గుహ నియోగీ ఒకప్పుడు భిలాయ్ ప్లాంటు కార్మికుడే. నియోగీ ఉద్యమం కూలి రేట్ల దగ్గర ఆగలేదు. కార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో 1983లో షహీద్ ఆసుపత్రిని ప్రారంభించారు. 1857లో రాయ్‌పూర్‌లో ఉరితీయబడిన వీర్ నారాయణ్ సింగ్ జ్ఞాపకాన్ని పాటగా, పండుగగా బతికించారు. భిలాయ్ ప్రైవేటు పరిశ్రమల్లోని ఠేకా కార్మికుల కోసం పోరాడుతుండగా, 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, నిద్రలో ఉన్న నియోగీని తుపాకీతో కాల్చి చంపారు. 1992 జులై 1న భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్ వద్ద పట్టాల మీద బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా మరణించారు. వారు అడిగినవి గుర్తింపు, కనీస వేతనం, తీసేసిన ఉద్యోగాలు. క్లుప్తంగా చెప్పాలంటే కామ్‌ను నౌకరీ చేయమని అడిగారు. దేశ సాంస్కృతిక రాయబారిగా ఒక గాయని భిలాయ్ పేరును విదేశాల్లో వినిపిస్తున్న కాలమూ, అదే ఊళ్లో పేరులేని కూలీలు రైలు పట్టాల మీద నెత్తురు కార్చిన కాలమూ ఒకటే. ఈ రెంటినీ కలిపి చదవకపోతే భిలాయ్ చరిత్ర సగమే అర్థమవుతుంది.

1991 తర్వాతి కథ ఎరిగినదే. 1980ల నాటి శిఖరంతో పోలిస్తే ప్లాంటులో శాశ్వత ఉద్యోగుల సంఖ్య సగానికి పైగా తగ్గింది. ఉత్పత్తి మాత్రం పెరిగింది. ఆ తేడాను పూడ్చినవారు ఠేకా కూలీలు. ఒక గొంతును జీతమిచ్చి నిలబెట్టుకోవడం లెక్కల పుస్తకంలో దండగ ఖర్చుగా కనబడే రోజులివి. తీజన్ బాయి శిష్యురాలు, భిలాయ్‌కే చెందిన ఉషా బార్లేకు 2023లో పద్మశ్రీ దక్కింది. పరంపర ఆగలేదన్న మాట నిజం. తర్వాతి పదమూడేళ్ల పిల్లకు నౌకరీ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న కూడా అంతే నిజం.

తెలుగువారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారాన్ని నూరు శాతం అమ్మడానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కార్మికుల నిరంతర ఆందోళన తర్వాత 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. ఈ వాదోపవాదాలన్నిటా టన్నులు, అప్పులు, గనులు, భూముల విలువలు లెక్కకు వచ్చాయి. ఒక ప్రభుత్వ కర్మాగారం తన చుట్టూ ఉన్న పల్లెలకు ఇంకా ఏమేమి ఇవ్వగలదో, ఏమేమి ఇవ్వకుండా ఎగ్గొట్టిందో లెక్క కట్టినవారు తక్కువ. భిలాయ్ అనుభవం ఆ రెండు పద్దులనూ చూపిస్తుంది. వెలిపడిన పార్ధీ స్త్రీకి ఇచ్చిన జీతం జమ వైపు. భూమి పోయిన ఊళ్లు, క్రమబద్ధం కాని కూలీలు, పవర్‌హౌస్ స్టేషన్ మృతులు ఖర్చు వైపు. అమ్మకం జరిగిన చోట మొదటి పద్దు చెరిగిపోతుంది. రెండోది మిగులుతుంది.

చంద్రఖురిలో ఆనాడు పదమూడేళ్ల పిల్ల నిలబడినప్పుడు ఆమె పక్కన ఎవరో కూర్చుని తాళం వేశారు, ఎవరో ఊ కొట్టారు. ఊరంతా వద్దన్న పాటకు ఊ కొట్టడానికి కూడా ఆ రోజు ధైర్యం కావలసి ఉండాలి. ఆ పది రూపాయల్లో వారికి ఎంత వాటా దక్కిందో ఏ పురస్కార పత్రమూ నమోదు చేయలేదు.